పస్తు పరీక్ష

తొట్టిలో పాలు గడ్డకట్టాయి. వేలు పెట్టి మెల్లగా పైకి లేపితే గడ్డ శుభ్రంగా చీలి, ఆ చీలికలో పచ్చటి తేట ఊరుతోంది. ఇక కొయ్యాలి. తీగలు బిగించిన చట్రాన్ని తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపడమే పని. చేయి నిదానంగా కదలాలి. తొందరపడితే గడ్డ నలిగి వెన్నంతా తేటలో కలిసిపోతుంది. ఆ పూట చీజ్ ఇక చీజ్ కాదు. కలీనా ఈ పనిలో చేరినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది. కళ్ళు మూసుకుని కూడా కొయ్యగలదని డెయిరీలో అందరూ అనేవారు. ఈ మధ్య అనడం మానేశారు.

ఆ ఉదయం ఆమె చట్రాన్ని తొట్టిలోకి దించి, అంబలి కలిపినట్టు గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది.

పక్కన డబ్బాలు కడుగుతున్న సెవ్దా ముందు ఆ చప్పుడు విని తల తిప్పింది. "కలీనక్కా! ఏం చేస్తున్నావు? ఆపు!"

కలీనా ఆమె వైపు చూసింది. చూపులో ఆమెను గుర్తుపట్టిన జాడ లేదు. "ఇవి తిరగబడ్డాయి," అంది. "నేను మళ్ళీ తిప్పుతున్నా." అని చిన్నగా నవ్వింది. చట్రం తిరుగుతూనే ఉంది. తొట్టి నిండా ముక్కముక్కలైన గడ్డ సుడి తిరుగుతోంది.

డెయిరీ యజమాని స్తవ్రి పరుగున వచ్చాడు. తొట్టిని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. చట్రాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. చీజ్ నానబెట్టే ఉప్పునీళ్ళ గదిలోంచి మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఊదు," అన్నాడు స్తవ్రి. "నా మొహం మీద ఊదు."

కలీనా బుద్ధిగా ఊదింది.

వాసనేమీ రాలేదు. స్తవ్రి ముక్కు ఎగబీల్చి ఇంకోసారి ఊదమన్నాడు. అప్పుడూ రాలేదు. "వోడ్కాకి వాసన ఉండదులే," అని అందరికీ వినపడేలా అన్నాడు. "తెలివైంది కదా, అదే తాగుతుంది."

కలీనా తొట్టి అంచు పట్టుకుంది. చేయి జారింది. తడి నేల మీద మెల్లగా కూలబడి, గోడకు వీపు ఆనించి అలాగే కూర్చుండిపోయింది. సెవ్దా వంగి ఆమె భుజం మీద చేయి వేసి ఉలిక్కిపడింది. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"అంబులెన్స్‌కి చేస్తున్నా," అంది సెవ్దా.

"దీనికి అంబులెన్స్ ఎందుకు? దీని మొగుడు వెల్కోకి చెయ్యి. వచ్చి మోసుకుపోతాడు, వాడికి అలవాటే పాపం."

"మా అన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తాగుతున్నాడు స్తవ్రి బాబాయ్. తాగినవాడు ఎలా ఉంటాడో నాకు నువ్వు చెప్పక్కర్లేదు. తాగినవాడికి ఇలా చెమట పట్టదు."

"నీ ఇష్టం. ఈ తొట్టెడు పాలకి ఎవరు జవాబు చెప్తారో అది కూడా వాళ్ళనే అడుగు."

అంబులెన్స్‌లో వచ్చినతను గొడ్డులా బలిసిన కుర్రాడు, నిద్రమొహం. కలీనా వేలి కొన గుచ్చి, చిన్న మీటర్‌లో నెత్తురు చుక్క పెట్టాడు. అంకె చూసి, మీటర్ విదిలించి, ఇంకో వేలు గుచ్చాడు. మళ్ళీ అదే అంకె. అతని నిద్ర ఎగిరిపోయింది. "రెండు కూడా లేదు, నాలుగుకి పైన ఉండాల్సింది," అన్నాడు తనలో తను. నరంలోకి సూది ఎక్కించి చక్కెర నీళ్ళు వదిలాడు.

కలీనా కళ్ళకు వెలుగు తిరిగొచ్చింది. తన చుట్టూ ఉన్న కాళ్ళనూ, రబ్బరు బూట్లనూ చూసింది. "తొట్టి కోశారా?" అని అడిగింది.

ఆ వారంలోనే వెల్కో ఆమెను కారులో ప్లోవ్దివ్ పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాడు. వెల్కో మంచివాడని ఊరంతా అంటుంది. బావుల మోటార్లు బాగుచేస్తాడు, గొంతు పెంచడు, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు. భార్య సంత మధ్యలో నిలబడి అర్థంలేని మాటలు మాట్లాడిన రోజున కూడా ఆమె చేయి పట్టుకుని ఒక్క మాట అనకుండా ఇంటికి నడిపించుకు వెళ్ళాడు. చూసినవాళ్ళకు కళ్ళు చెమర్చాయి.

"డాక్టరు అడిగితే దాచకు," అన్నాడు స్టీరింగ్ మీదనుంచి చూపు తిప్పకుండా. "ఎంత తాగుతావో ఉన్నదున్నట్టు చెప్పెయ్. వాళ్ళకి తెలియాలి కదా."

"నేను తాగను వెల్కో."

"సరే," అన్నాడు.

ఆ "సరే" అనడంలో వెల్కోని మించినవాడు లేడు. దాని తర్వాత ఇక ఏ మాటకూ చోటుండదు. కలీనా కిటికీలోంచి పొద్దుతిరుగుడు చేలు చూస్తూ కూర్చుంది.

డాక్టర్ ఇలియేవా సన్నగా, పొట్టిగా, మాటల్లో హడావిడి లేని మనిషి. ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎప్పుడెప్పుడు ఇలా అవుతోందని అడిగింది.

"పొద్దున్నే," అంది కలీనా. "ఏమీ తినకముందు. ఏదైనా తింటే తేరుకుంటాను. అందుకే జేబులో బిస్కెట్లు పెట్టుకుంటాను. అర్ధరాత్రి లేచి రొట్టె తింటాను. ఒళ్ళు కూడా చేశాను."

"మొదట్లో చేతులు వణికేవా? గుండె దడ?"

"వణికేవి. తర్వాత పోయింది. తగ్గిందనుకున్నాను."

"తగ్గలేదు. నెత్తుట్లో చక్కెర పడిపోతే ఒంట్లో అడ్రినలిన్ లేచి మనల్ని హెచ్చరిస్తుంది. ఆ వణుకూ దడా దానివే. మాటిమాటికీ పడిపోతూ ఉంటే ఆ హెచ్చరిక మొద్దుబారిపోతుంది. ఇక నేరుగా మెదడే తడబడుతుంది."

వెల్కో గొంతు సవరించుకున్నాడు. "ఎందుకు పడిపోతుంది డాక్టరుగారూ? తిండికి లోటు లేదు మా ఇంట్లో."

"తిండి తిన్నప్పుడు చక్కెర పెరుగుతుంది. అప్పుడు క్లోమంలోంచి ఇన్సులిన్ వచ్చి ఆ చక్కెరని కండల్లోకీ లివర్‌లోకీ సర్దుతుంది. తినకుండా ఉన్నామనుకోండి, ఇన్సులిన్ తగ్గిపోవాలి. దానికి బదులు గ్లూకగాన్ అని ఇంకొకటి వస్తుంది, అదీ క్లోమంలోంచే. లివర్ దగ్గరికెళ్ళి, దాచుకున్నది బయటికి తియ్యమంటుంది. అందుకే రాత్రంతా ఏమీ తినకపోయినా మనం పొద్దున్నే లేచి మామూలుగా మాట్లాడగలుగుతున్నాం. మెదడుకి చక్కెర ఆగకుండా అందుతూ ఉండాలి."

"మరి నాకో?" అంది కలీనా.

"మీకు ఇన్సులిన్ ఆగడం లేదేమోనని నా అనుమానం. తిన్నా వస్తోంది, తినకపోయినా వస్తోంది. అది ఉన్నంతసేపూ లివర్ తన సరుకు వదలదు. అనుమానమే సుమా. తేలాలంటే మీరు ఇక్కడే మా కళ్ళముందు పస్తుండాలి. మంచినీళ్ళు తాగొచ్చు, చక్కెర లేని టీ తాగొచ్చు. ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు. మధ్యమధ్య నెత్తురు తీస్తాం. చక్కెర పడిపోయిన ఆ క్షణంలో నెత్తుట్లో ఇన్సులిన్ ఉందో లేదో చూడాలి."

"తాగుడు సంగతి కూడా ఇందులో తేలుతుందా?" అన్నాడు వెల్కో మర్యాదగా.

డాక్టరు అతన్ని ఒక్క క్షణం చూసింది. "నెత్తుట్లో ఏముంటే అది తేలుతుంది," అంది.

కలీనాను చేర్చుకున్న గదిలో రెండు మంచాలు. రెండోదాని మీద గీనా అనే ముసలావిడ ఉంది. మధుమేహం ముదిరి కాలి పుండు మానక వచ్చింది. ఊరు అసేనొవ్‌గ్రాద్ దగ్గరట. నోరు ఊరుకునే రకం కాదు. కలీనా జబ్బు సంగతి అడిగి తెలుసుకుని, దిండు మీద చెయ్యి వేసి కొట్టింది.

"బాగానే ఉంది వరస! నాకేమో ఆ ఇన్సులిన్ లేక పూటపూటా పొడుస్తున్నారు. నీకేమో కారిపోతోందా! ఒక గొట్టం వేసి నీ మంచం నుంచి నా మంచానికి కలపమను. ఇద్దరం బాగుపడతాం."

కలీనా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

మధ్యాహ్నం గీనాకు చికెన్ సూప్ వచ్చింది. ఆవిడ మంచం మీద అటు తిరిగి కూర్చుని, నేరం చేస్తున్నదానిలా గబగబా తాగేసింది. "నాకేం రుచిగా లేదులే అమ్మాయ్," అని మూతి తుడుచుకుంది. "ఉప్పే లేదు." కాసేపటికి కలీనా చేతికి పెట్టి ఉంచిన సూదిలోంచి నెత్తురు తియ్యడానికి నర్స్ పెత్రానా వచ్చింది. కూర్చోకుండా అటూ ఇటూ నడవమంది. కలీనా నడవాలో నడిచింది. ఒక కొసన మెట్లు, ఇంకో కొసన మూసి ఉన్న కిటికీ. మెట్ల దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి మెట్ల దాకా. చీజ్ డబ్బాల మధ్య రోజంతా తిరిగే కాళ్ళకు ఇది లెక్కలోది కాదు.

సాయంత్రం దాటింది. ఏమీ కాలేదు. ఆకలి వేసింది, పోయింది, మళ్ళీ వేసింది. చక్కెర కొంత దిగి అక్కడే ఆగింది. తెల్లారి లేచేసరికి తల తేలిగ్గా ఉంది గాని మతి సరిగానే ఉంది. తన పేరు తెలుసు, ఊరు తెలుసు. అంత బాగుండటం చూసే ఆమెకు భయం వేసింది. ఇంట్లో అయితే ఈపాటికి పొయ్యి ముందు నిలబడి అగ్గిపుల్ల ఎలా గీయాలో మరిచిపోయి ఉండేది.

"అవ్వా, ఏమీ రాకపోతే?" అంది.

"రాకపోతే ఇంటికెళ్ళి కడుపునిండా తింటావు."

"రాకపోతే నేను తాగుబోతునే." కలీనా దుప్పటి అంచును వేళ్ళతో మడతపెడుతోంది. "లేకపోతే పిచ్చిదాన్ని. రెండేళ్ళుగా అందరూ చెప్తూ ఉంటే నాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది. తాగి, తాగిన సంగతి మర్చిపోతున్నానేమో అని. ఒకరోజు మా సారా పీపా దగ్గరికెళ్ళి నా గుర్తు పెట్టుకున్నాను. సుద్దముక్కతో గీత గీశాను, మర్నాడు దిగిందేమో చూద్దామని."

"దిగిందా?"

"దిగలేదు. అయినా నమ్మకం కుదరలేదు."

గీనా తన మంచం మీంచి వంగి, ఆమె దుప్పటి అంచు మడతలు విప్పింది.

రెండో రోజు పొద్దెక్కాక వెల్కో వచ్చాడు. ఉతికిన నైటీ, ఇంటి చెప్పులు తెచ్చాడు. గీనాకు మర్యాదగా తలవంచి నమస్కారం పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఊరి కబుర్లు చెప్పాడు. పక్కింటి రుస్కా రెండుసార్లు వంట చేసి పంపిందని, స్తవ్రి తొట్టి దగ్గర ఇంకెవరినో పెట్టుకున్నాడని చెప్పాడు.

కలీనా వింటోంది. వింటూ వింటూ ఆమె చూపు అతని గుండీల మీద నిలిచిపోయింది. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. పెదాలు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలాయి.

"రుస్కా బనిత్సా పంపిందా?" అంది. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"పంపింది. ఎందుకు?"

"వేడివేడి చీజ్ రొట్టె. నీ కోసం. పాపం వెల్కో, పాపం వెల్కో." ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి తట్టింది. "నేను తాగుబోతునైతే నీకు హాయిగా ఉంది కదూ? చాలా బాగుంది నీకు. ఊరంతా నీకు పళ్ళేలు మోస్తున్నారు. నేను మంచిదాన్నైతే నీకెవరు పెడతారు?"

వెల్కో మొహం జేవురించింది. గీనా వైపు తిరిగి, "చూశారా," అన్నాడు. "ఇదే. ఇంట్లోనూ ఇంతే. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తక్కర్లేదయ్యా," అంది గీనా. అప్పటికే ఆవిడ గోడ మీద గంట నొక్కేసింది.

పెత్రానా వచ్చింది, వేలు గుచ్చింది, గుమ్మంలోకి కేకేసింది. డాక్టర్ ఇలియేవా వచ్చి మంచం అంచున కూర్చుంది. నెత్తురు గొట్టాల్లోకి ఎక్కుతుంటే మామూలు గొంతుతో అడుగుతోంది. "కలీనా, ఇది ఏ నెల?"

"పాలు ఎక్కువగా వచ్చే నెల."

"వందలోంచి ఏడు తీసేస్తే?"

"తీసెయ్యండి. ఎవరడిగారు?" తర్వాత ఆమె భాష తెలియని ఊళ్ళో దిగినదానిలా గదంతా చూసింది. కన్నీళ్ళు వచ్చాయి గాని ఎందుకో ఆమెకే తెలిసినట్టు లేదు.

"సరిపోయింది," అంది డాక్టరు గొట్టాలు అందుకుంటూ. "గ్లూకగాన్ ఇవ్వు."

పెత్రానా సూది మందు ఇచ్చింది. మళ్ళీ మళ్ళీ వేలు గుచ్చి చూసింది. వెల్కో గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఎవరూ ఆమెకు తిండి పెట్టలేదు, చక్కెర నీళ్ళు పట్టలేదు. అయినా మీటర్‌లో అంకె పెరుగుతోంది. "ఎక్కణ్ణుంచి వస్తోంది అది?" అని నోరు జారి అడిగాడు.

"ఆవిడ లివర్‌లోంచి," అంది డాక్టరు. "ఉన్నదే. ఇన్సులిన్ ఇప్పటిదాకా బయటికి రానివ్వలేదు."

కలీనా కళ్ళు తేటపడ్డాయి. ముందు పెత్రానాను గుర్తుపట్టింది, తర్వాత గీనాను, తర్వాత వెల్కోని. "వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది," అంది గీనా. "పెళ్ళికూతురులా వచ్చింది."

పండ్ల రసం ఇచ్చారు. తర్వాత రొట్టె, పెరుగు. కలీనా రెండు చేతులతో పట్టుకుని తింది.

మర్నాడు ఉదయం ఫలితాలు వచ్చాయి. చక్కెర అట్టడుగుకు దిగిపోయినప్పుడు ఉండకూడనంత ఇన్సులిన్ నెత్తుట్లో ఉంది. క్లోమంలో చిన్న గడ్డ ఒకటి దాన్ని ఆపకుండా వదులుతూ ఉండాలి. ఎక్కువమందిలో అది ప్రాణాలు తీసేది కాదు. స్కానింగ్‌లో ఎక్కడుందో చూసి, కోసి తీసేస్తారు. మద్యం జాడ ఎక్కడా లేదు. ఆ చివరి మాట డాక్టరు ఎవరూ అడగకుండానే చెప్పింది.

వెల్కో డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. నిజంగా సంతోషించాడు. నవ్వుతుంటే మొహం పదేళ్ళు చిన్నదైంది. వెంటనే నడవాలోకి వెళ్ళి ఫోన్లు మొదలుపెట్టాడు. తలుపు తెరిచే ఉంది.

"జబ్బట స్తవ్రీ! అవును, జబ్బే! చక్కెర పడిపోతోందట... కాదు కాదు, మధుమేహం కాదు, దానికి ఎదురు... అవును మరి! ఆవిడ అన్నవన్నీ ఆవిడవి కావట. తిట్లూ, ఎత్తిపొడుపులూ, ఏ మాటైనా... చక్కెరే ఆవిడ చేత అలా అనిపించేదట. మతిలో ఉండదు కదా... నేను ఓపిక పట్టాను చూశావూ, అదే మంచిదైంది."

తర్వాత తన అక్కకు చేశాడు. తర్వాత రుస్కాకు. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ ఇంకాస్త ఉత్సాహంగా. కలీనా మంచం మీద కూర్చుని వింటోంది. ఆమె నిర్దోషి అని తేలిన కబురు అది. వింటుంటే ఎందుకో ఊపిరి సలపనట్టుంది. తను ఎప్పుడెప్పుడు ఏమందో ఆమెకే తెలియదు. ఇప్పుడు వాటినన్నిటినీ ఒక్క గంపలోకి ఎత్తి పారబోస్తున్నారు.

"అవ్వా, నిన్న నేనేమన్నాను?" అంది.

గీనా కిటికీ వైపు చూసింది. "ఏముందిలే."

"చెప్పవ్వా."

గీనా చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది, మోకాలి మీద తట్టడం, డాక్టరు అడిగిన ప్రశ్నలు, అన్నిటితో సహా.

కలీనాకు ఆ మాటలు అన్న జ్ఞాపకం ఒక్క ముక్క కూడా లేదు. కాని మాట కొత్తది కాదు. చలికాలంలో ఒకరోజు తను రుస్కా పంపిన పళ్ళెం తోమి తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది. ఆ రోజు బాగా తిని ఉంది, తల నిలకడగా ఉంది. తలుపు దగ్గర రుస్కా "పాపం వెల్కో" అంది. వెనక్కి తిరిగి వస్తూ దారి మధ్యలో కలీనా ఆగిపోయింది. సరిగ్గా ఈ మాటే అనుకుంది. అనుకుని, సిగ్గుపడి, మింగేసింది.

వెల్కో ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు.

"అందరూ నీకు దండాలు చెప్పమన్నారు. స్తవ్రి కూడా. ఆపరేషన్ అయ్యాక వచ్చి చేరమన్నాడు." కుర్చీలో కూర్చున్నాడు. "చూడు, నిన్న నువ్వేవో అన్నావు. నీకు గుర్తుండదులే. నేనేం మనసులో పెట్టుకోలేదు."

"గీనవ్వ చెప్పింది."

"అది నీ మాట కాదు. డాక్టరే అందిగా."

కలీనా అతని వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి గంట నొక్కింది. పెత్రానా కంగారుగా వచ్చింది.

"ఏమైంది? తల తిరుగుతోందా?"

"లేదమ్మా. ఒక్కసారి చూస్తావా, ఎంత ఉందో?"

పెత్రానా అయోమయంగానే వేలు గుచ్చింది. "ఐదున్నర," అంది. "బంగారంలా ఉంది."

"ఆ అంకె ఆయనకి కూడా చూపించు."

పెత్రానా మీటర్ వెల్కో ముందు పెట్టింది. అతను చూశాడు. ఏమీ అర్థంకాక భార్య మొహం వైపు చూశాడు. గీనా దుప్పటి గడ్డం దాకా లాక్కుని కదలకుండా పడుకుంది.

"వణుకు లేదు," అంది కలీనా. చేతులు ముందుకు చాపి చూపించింది. పాలలో నాని పగిలిన చేతులు, నిలకడగా ఉన్నాయి. "ఇది జూన్ నెల. వందలోంచి ఏడు తీస్తే తొంభై మూడు. ఇప్పుడు చెప్తున్నా విను వెల్కో. నేను తాగుబోతునైతే నీకు హాయిగా ఉంది. నువ్వు చెడ్డవాడివని కాదు. కాని హాయిగా ఉంది. పైకి అనేలా చేసింది జబ్బు. మాట నాదే."

పెత్రానా మీటర్ పట్టుకుని మెల్లగా బయటికి జారుకుంది.

వెల్కో నోరు తెరిచాడు. అలవాటైన ఆ "సరే" వస్తుందని కలీనా ఎదురుచూసింది. రాలేదు. అతను మెడ దగ్గర గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు. అది ఊడి వచ్చింది. దానివైపు కాసేపు చూశాడు.

"సీసాల కోసం వెతికేవాణ్ణి," అన్నాడు చివరికి. "గడ్డివాములో. నీ బూట్లలో. పిండి డబ్బాలో చెయ్యి పెట్టి. నువ్వు పనికెళ్ళాక."

"దొరికేవి కావు."

"దొరికేవి కావు." అతను తల ఎత్తలేదు. "దొరకనప్పుడు... నాకు కోపం వచ్చేది కలీనా. ఒక్కటైనా దొరికితే బాగుండునని ఉండేది."

నడవాలో ఎవరో సూప్ బండి తోసుకుంటూ వస్తున్నారు. గీనా మంచం కిర్రుమంది, మళ్ళీ ఊరుకుంది. కలీనాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఒళ్ళో ఉన్న చేతులు అలాగే ఉంచుకుని, కాస్త ముందుకు జరిగి, మోకాళ్ళు అతని కుర్చీకి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఇంకా చెప్పు," అంది.